కొలవకుండా కొనకండి: స్టోరేజీ కొనుగోలు సంఘాలకు బహిరంగ లేఖ

తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ప్రభుత్వ డేటా సెంటర్లకు, విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ సాయంతో నడిచే సంస్థలకు స్టోరేజీ పరికరాలు ఎంపిక చేసే సాంకేతిక సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు:

అయ్యా, అమ్మా,

మీ సంతకాలతో తరచూ వెలువడే ఒక నిర్ణయాన్ని ఒప్పుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. "క్లస్టర్ నెమ్మదించింది, డ్రైవ్‌లు చాలడం లేదు, కొత్తవి కొనాలి" అన్నదే ఆ నిర్ణయం. ఇందులో మొదటి మాట నిజమే. రెండో మాటను ఎవరూ రుజువు చేయలేదు. రుజువు కాని ఆ మాటను ఆధారం చేసుకుని మూడో మాట రాస్తున్నారు. దాని బిల్లు మాత్రం జనం కడుతున్నారు.

నాది కోవిల్‌పట్టి. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న నల్లరేగడి ఊళ్లలో వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకునే కుటుంబాల్లో మాదీ ఒకటి. స్టోరేజీ క్లస్టర్లు నిలబెట్టి నడపడం నా వృత్తి. ఈ లేఖ తెలుగులో ఎందుకంటే, హైదరాబాదులో, అమరావతిలో, విశాఖలో ఇవే పరికరాలు కొనే సంఘాలకూ ఇదే మాట చెప్పాలి. ఆ పరికరాల మీద రాత్రింబగళ్లు పనిచేసే ఇంజినీర్లలో తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు మీ ముందు నోరు విప్పలేకపోతున్న మాటే నేను ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు ప్రజాధనంతో నడిచే ఒక సంస్థలో జరిగిన సంగతి చెబుతాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే ఈ జబ్బు ఆ ఒక్క సంస్థదే కాదు. అక్కడ సెఫ్ అనే స్టోరేజీ సాఫ్ట్‌వేర్ మీద నడిచే క్లస్టర్ ఉంది. ఒక్కో సర్వర్‌లో పది ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు. పరీక్షా ఫలితాలు విడుదలైన ఉదయం పేజీలు తెరుచుకోలేదు. సంఘం సమావేశమైంది. డ్రైవ్‌ల పనిభారాన్ని చూపించే ఐఓస్టాట్ తెరను ఎవరో ఫోటో తీసి తెచ్చారు. అందులో చివరి వరుస 'యుటిల్'. డ్రైవ్‌లన్నిటికీ ఎదురుగా 99, 100, 100 అని ఉంది. "నూటికి నూరు నిండిపోయాయి, ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నారు. ఒక సర్వర్‌లో డ్రైవ్‌లను రెండేసిగా విడగొట్టి కొలిచి చూద్దామని నేను అడిగాను. "అది టెండర్‌లో లేదు" అన్నారు. కొత్త డ్రైవ్‌లకు ఆర్డరు వెళ్లిపోయింది.

ఆ నూరు అంటే ఏమిటని ఆ గదిలో ఒక్కరైనా అడిగారా?

ఆ అంకె చెప్పేది ఒక్కటే: కొలిచిన వ్యవధిలో ఎంత సేపు ఆ డ్రైవ్ చేతిలో కనీసం ఒక్క పనైనా ఉందో. పళ్లెం తిరిగే పాత హార్డ్‌డిస్కుకు ఒకే చదివే చేయి ఉంటుంది. అది సెకనుకు నూరు, రెండు వందల చిన్న పనులకు మించి చేయలేదు. కాబట్టి దాని విషయంలో ఆ నూరు అంటే నిండిపోవడమే. ఎన్‌వీఎంఈ కథ వేరు. పాత సాటా డ్రైవ్‌కు ఆదేశాల వరుస ఒకటే, అందులో 32 ఆదేశాలు పడతాయి. 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ నిర్దేశం 65 వేలకు పైగా వరుసలకు, ఒక్కో వరుసలో 65 వేలకు పైగా ఆదేశాలకు చోటిచ్చింది. అంత సమాంతరంగా పనిచేసే పరికరం చేతిలో ఎప్పుడూ ఒక పని ఉండటం మామూలే. ఆధునిక ఎస్‌ఎస్‌డీల విషయంలో ఈ అంకె సామర్థ్యపు హద్దును చూపించదని ఐఓస్టాట్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. అందరికీ అందుబాటులో ఉన్న ఆ వాక్యం చదవకుండా ఇంత ఖర్చుకు సంతకం ఎలా పెట్టగలిగారు?

ఆ ఉదయం సంఘంలో ఎవరూ చూడని తెర ఇంకొకటి ఉంది. టాప్ కమాండులో థ్రెడ్లను విడివిడిగా చూపించమని అడిగితే వచ్చే తెర అది. అందులో డ్రైవ్‌కు ఒకటి చొప్పున 'బీస్టోర్ కేవీ సింక్' అనే థ్రెడ్ పైకి వచ్చి, ఒక్కోటీ ఒక ప్రాసెసర్ కోర్‌ను పూర్తిగా పట్టుకుని కూర్చుంది. చుట్టూ కోర్లు ఖాళీగా ఉన్నాయి. రాతల సంఖ్య చూస్తే, తయారీదారు ఆ డ్రైవ్ చేయగలదని చెప్పినదాంట్లో చిన్న వంతు. డ్రైవ్‌కు ఇంకా ఓపిక ఉంది. దానికి పని అందించే దారి మాత్రం ఇరుకైపోయింది.

ఎందుకు ఇరుకైందో చెబుతాను. సేజ్ వైల్, ఆయన సహచరులు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్‌లో సెఫ్‌ను రూపొందించి 2006లో పరిశోధన పత్రంగా ప్రకటించారు. అది హార్డ్‌డిస్కుల కాలం. ఒక డిస్కు ఉంటే దానికి ఒక ఓఎస్‌డీ, అంటే ఆ డిస్కు తరఫున క్లస్టర్‌తో మాట్లాడే ఒక ప్రక్రియ. ఆ లెక్క అప్పటికి సరిపోయింది, ఎందుకంటే డిస్కే అన్నిటికంటే నెమ్మది. 2017లో లూమినస్ వెర్షన్‌తో బ్లూస్టోర్ అనే కొత్త రాత పద్ధతి డిఫాల్ట్ అయింది. ఫైల్‌సిస్టం లేకుండా నేరుగా డ్రైవ్ మీద రాయడం వల్ల చాలా భారం తగ్గింది. అయినా ప్రతి రాతకూ సంబంధించిన లెక్కను రాక్స్‌డీబీ అనే లోపలి డేటాబేస్‌లో ఖరారు చేసే పని ఓఎస్‌డీకి ఒక్క థ్రెడ్ చేతిలోనే, ఆ 'బీస్టోర్ కేవీ సింక్' చేతిలోనే ఉండిపోయింది. శివకాశి ప్రెస్సులో గంటకు వేల షీట్లు తీయగల ఆఫ్‌సెట్ మిషన్ తెచ్చిపెట్టి, కాగితం మాత్రం ఒక మనిషి చేత ఒక్కొక్కటిగా అందిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పని వెనకబడితే మీరు రెండో మిషన్ కొంటారా, రెండో మనిషిని పెడతారా?

ఆ రెండో మనిషిని పెట్టడమే డ్రైవ్‌ను విడగొట్టడం. ఇందులో స్క్రూడ్రైవర్‌తో పని లేదు. డ్రైవ్ మీద రెండు లాజికల్ వాల్యూమ్‌లు చేసి, ఒక్కోదాని మీద ఒక ఓఎస్‌డీని నిలబెడతారు. సెఫ్-వాల్యూమ్ అనే పనిముట్టులో, సెఫ్-ఏడీఎం వాడేవారికైతే ఓఎస్‌డీ స్పెసిఫికేషన్ ఫైలులో, 'ఓఎస్‌డీస్ పర్ డివైస్' అన్నచోట 2 అని రాస్తే చాలు. డిఫాల్ట్ అమరికలో ఎస్‌ఎస్‌డీ మీద నడిచే ఒక్కో ఓఎస్‌డీకి పనిని పంచుకునే 8 షార్డులు, షార్డుకు 2 థ్రెడ్లు ఉంటాయి. విడగొడితే అవీ రెట్టింపవుతాయి, లెక్క ఖరారు చేసే థ్రెడ్లూ రెండవుతాయి. దీనికోసం కొత్తగా కొనాల్సిన పరికరం ఏదీ లేదు.

విడగొడితే వేగం రెట్టింపవుతుందని నేను మాట ఇవ్వడం లేదు. అలా మాట ఇచ్చే వెండర్‌నూ నమ్మకండి. మీ తప్పు విడగొట్టకపోవడం కాదు, కొలవకపోవడం. ఈ తేడా పట్టుకోకపోతే, రేపు ఇదే సంఘం ఇంకో తప్పు చేస్తుంది. ఎక్కడో పాత పత్రంలో చదివి "ప్రతి డ్రైవ్‌నూ నాలుగుగా విడగొట్టాలి" అని టెండర్‌లో గుడ్డిగా రాసేస్తుంది. అలాంటి టెండర్లూ చూశాను. అదీ ప్రజాధనానికి చేటే.

ఎందుకో లెక్క వేసి చూడండి. సెఫ్ ఒక్కో ఓఎస్‌డీకి డిఫాల్ట్‌గా పెట్టుకునే మెమరీ లక్ష్యం 4 జీబీ. సర్వర్‌లో పది డ్రైవ్‌లుంటే, డ్రైవ్‌కు ఒక ఓఎస్‌డీ చొప్పున 40 జీబీ. రెండేసిగా విడగొడితే 80. నాలుగేసిగా విడగొడితే 160. ప్రాసెసర్ థ్రెడ్లు కూడా అలాగే పంచుకోవాలి. అవి చాలకపోతే విడగొట్టిన ఓఎస్‌డీలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి. మార్క్ నెల్సన్ సెఫ్ వేగాన్ని కొలవడమే వృత్తిగా చేసుకున్న ఇంజినీరు. ఆయన సెఫ్ రీఫ్ వెర్షన్ మీద డ్రైవ్‌కు ఒక ఓఎస్‌డీ, రెండు ఓఎస్‌డీలు పెట్టి పోల్చి, 2023లో ఆ అంకెలన్నీ ప్రచురించారు. ప్రాసెసర్ థ్రెడ్లు పుష్కలంగా ఉన్నచోట రెండు ఓఎస్‌డీలు మేలనిపించాయి, ముఖ్యంగా అన్నిటికంటే ఆలస్యమయ్యే జవాబుల విషయంలో. ప్రాసెసర్ బిగుతుగా ఉన్నచోట ఆ లాభం కరిగిపోయింది. మెమరీ ఖర్చు మాత్రం ఎక్కడైనా పెరిగింది. ఇక పళ్లెం తిరిగే హార్డ్‌డిస్కు మీద ఒకటికి మించి ఓఎస్‌డీలు పెట్టొద్దని సెఫ్ పత్రాలే గట్టిగా చెబుతున్నాయి.

మరో ఉదాహరణ మీ కళ్లు తెరిపించాలి. 2024 జనవరిలో క్లైసో అనే సంస్థ తరఫున ఇదే నెల్సన్ ఒక క్లస్టర్ ఫలితాలు ప్రకటించారు. 63 సర్వర్లు, సర్వర్‌కు పది ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు, డ్రైవ్‌కు ఒక ఓఎస్‌డీ చొప్పున మొత్తం 630. అక్కడ చదివే వేగం సెకనుకు ఒక టెబీబైటు దాటింది. అంటే డ్రైవ్‌లను విడగొట్టకుండానే ఆ వేగం సాధించారు. కానీ మొదట్లో ఆ క్లస్టర్ కూడా ఆశించినంత వేగం ఇవ్వలేదు. వాళ్లు కొత్త డ్రైవ్‌లు కొన్నారా? లేదు, కొలిచారు. ప్రాసెసర్ నిద్రలోకి జారే సీ-స్టేట్లు ఒక కారణమని తేలింది. ఐఓఎంఎంయూ అనే కెర్నల్ అమరిక ఇంకొకటి. రాక్స్‌డీబీని సరైన కంపైలర్ ఎంపికలతో కట్టకపోవడం మూడోది. ఆ మూడోదాన్ని సరిదిద్దితే చిన్న రాతల వేగం దాదాపు రెట్టింపైంది. పరికరాలు అవే, డ్రైవ్‌లు అవే. అక్కడి ఇంజినీర్లు తమ యంత్రాన్ని అనుమానించారు. మీరు మాత్రం ఖజానాను తెరిచారు.

ఇప్పుడు మీరు చెప్పే అభ్యంతరాల దగ్గరకు వస్తాను. సమావేశాల్లో వాటిని విన్నాను, ఒక్కొక్కదానికీ జవాబు ఉంది.

"విడగొడితే వారంటీ పోతుంది" అంటారు. లాజికల్ వాల్యూమ్ అనేది ఆపరేటింగ్ సిస్టం గీసుకునే గీత. డ్రైవ్ లోపలి ఫర్మ్‌వేర్‌ను అది తాకదు. ఏ నిబంధన కింద వారంటీ పోతుందో చెప్పమని వెండర్‌ను రాతపూర్వకంగా అడిగిన సంఘాలు మీలో ఎన్ని? ఫోన్‌లో సేల్స్ మేనేజరు అన్న మాటను సమావేశపు మినిట్స్ పుస్తకంలో ఎక్కించి దాన్నే ప్రమాణంగా తీసుకోవడం సాంకేతిక పరిశీలన అవుతుందా?

"ఒక డ్రైవ్ పోతే రెండు ఓఎస్‌డీలు పోతాయి, డేటాకు ప్రమాదం" అంటారు. ఈ భయంలో నిజం ఉంది. దానికి జవాబు, నకళ్లు ఎక్కడెక్కడ ఉండాలో నిర్ణయించే క్రష్ నియమంలో ఉంది. సెఫ్ ప్రతి డేటాకూ మామూలుగా మూడు నకళ్లు ఉంచుతుంది. వైఫల్యపు పరిధి 'హోస్ట్' అని ఉంటే ఆ మూడూ మూడు వేర్వేరు సర్వర్లలో ఉంటాయి. అప్పుడు ఒక డ్రైవ్‌తో పాటు రెండు ఓఎస్‌డీలు పోయినా ఒక్క నకలుకు మించి పోదు. అదే పరిధి 'ఓఎస్‌డీ' అని ఉన్న చిన్న క్లస్టర్లో డ్రైవ్‌ను విడగొడితే, రెండు నకళ్లు ఒకే డ్రైవ్ మీద పడవచ్చు. అది నిజమైన ప్రమాదం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "విడగొట్టవచ్చా?" అన్నది కాదు. "మన క్రష్ నియమంలో ఏమని ఉంది?" అన్నది. మీ క్లస్టర్‌లో ఏముందో మీలో ఎవరైనా ఈ క్షణంలో చెప్పగలరా?

"నడుస్తున్న క్లస్టర్‌ను ముట్టుకోకూడదు" అంటారు. నడుస్తున్న ఓఎస్‌డీని ఉన్నపళంగా రెండు చేయలేమన్నది నిజమే. దాన్ని ఖాళీ చేసి, తుడిచి, రెండుగా మళ్లీ నిలబెట్టాలి. సెఫ్ ఈ పనికి సిద్ధంగానే ఉంటుంది. ఒక ఓఎస్‌డీని 'అవుట్' చేస్తే దాని డేటా మిగతావాటి మీదకు సర్దుకుంటుంది. డేటాను పంచిపెట్టే ప్లేస్‌మెంట్ గ్రూపులన్నీ 'యాక్టివ్ ప్లస్ క్లీన్', అంటే అంతా సర్దుకున్న స్థితి, అయ్యాక తుడవాలి. మళ్లీ నిలబెట్టాక డేటా తిరిగి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే పక్క డ్రైవ్ మీద చేయి వేయాలి. సర్దుకోవడానికి చోటు ఉండాలి. 85 శాతం నిండితే సెఫ్ హెచ్చరిక ఇస్తుంది, అంతకు చాలా ముందే ఈ పని మొదలుపెట్టాలి. ఓఎస్‌డీల సంఖ్య పెరిగాక ప్లేస్‌మెంట్ గ్రూపుల సంఖ్యను కూడా సరిచూసుకోవాలి. ఇది ఓపిక కావలసిన పని. ఒక సర్వర్ మీద పరీక్షగా చేసి చూడటానికి కావలసింది ఓ మంచి ఇంజినీరూ, మీ అనుమతీ. ఇంజినీర్లు మీ దగ్గర ఉన్నారు. అనుమతే రావడం లేదు.

ఇక జనం సంగతి. ఇది ఒక గదిలోని మిషన్ల గొడవ అని మీకు అనిపిస్తే, ఈ చిన్న లెక్క చూడండి. స్టోరేజీ నుంచి డేటా చదివే నూరు పనుల్లో ఒక్కటి మాత్రమే ఆలస్యమవుతుందనుకోండి. 'తొంభై తొమ్మిది శాతం వేగంగానే ఉంది' అని మీ నివేదికలో రాసుకుంటారు. కానీ విద్యార్థి తెరిచే ఒక పేజీ వెనక అలాంటి యాభై పనులు ఉంటే, అన్నీ వేగంగా వచ్చే అవకాశం నూటికి 61 కూడా లేదు. అంటే నూరు మంది పేజీ తెరిస్తే దాదాపు నలభై మందికి ఆలస్యమే. సగటు అంకె చూసి మీరు సంతృప్తి పడతారు. ఆ నలభై మంది మాత్రం బ్రౌజింగ్ సెంటర్‌లో గంటకు డబ్బు కట్టి కూర్చుంటారు. అందుకే ఆ చివరి ఒక శాతం జవాబుల ఆలస్యాన్ని కొలవండి అంటున్నాను. విడగొట్టడం వల్ల లాభం కనిపించే అవకాశం ఎక్కువ ఉన్నదీ అక్కడే.

విరుదునగర్ జిల్లా 2018 నుంచి నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉంది. తమిళనాడు నుంచి ఆ జాబితాకెక్కినవి రామనాథపురం, విరుదునగర్ మాత్రమే. ఇక్కడ అగ్గిపెట్టెల పనికి, బాణసంచా పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీ, కౌన్సెలింగ్ పేజీ, ఈ-సేవై కేంద్రంలో కుల ధ్రువీకరణ పత్రం ఎంత అవసరమో మీకు తెలుసు. పట్టా కోసం, అడంగల్ నకలు కోసం రోజు కూలి వదులుకుని వచ్చే రైతు కూడా ఆ ఈ-సేవై క్యూలోనే ఉంటాడు. బడికొచ్చే పిల్లవాడికి అన్నం పెడితేనే చదువు సాగుతుందని నమ్మి, మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతా విస్తరించిన కామరాజ్ పుట్టింది ఈ విరుదునగర్‌లోనే. చివరి పిల్లవాడి దాకా అందడమే ప్రభుత్వ సేవకు కొలమానమని ఆయన చేసి చూపించారు. మీ సగటు అంకెల్లో ఆ చివరి పిల్లవాడు ఎక్కడున్నాడు?

అక్కర్లేని వేగానికి పెట్టే ఖర్చు ఇంకోచోట కోత పెడుతుంది. డేటా అంతటికీ ఒకే రకం స్టోరేజీ అక్కర్లేదు. ఫలితాల డేటాబేస్‌కు వేగం కావాలి. స్కాన్ చేసిన తాళపత్రాలకు, ఆడియో రికార్డింగులకు చోటు కావాలి, వేగం అంతగా అక్కర్లేదు. చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, తంజావూరు సరస్వతీ మహల్‌లో ఎన్నో తెలుగు తాళపత్ర గ్రంథాలున్నాయి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, ఈ నేలకు వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథను తమిళంలో నవలలుగా రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన పోయిన 2021 నాటికే ఆ కథలు నోటితో చెప్పగల ముసలివాళ్లు తగ్గిపోయారు. ఆ గొంతులను రికార్డు చేసి దాచడానికి కావలసింది ఖరీదైన ఎన్‌వీఎంఈ కాదు, మామూలు హార్డ్‌డిస్కుల మీద పెద్ద చోటు, మూడు నకళ్లు, జాగ్రత్తగా చూసుకునే మనుషులు. అనవసరపు డ్రైవ్‌లకు పోసిన డబ్బుతో ఆ పని ఎంత జరిగేదో ఎప్పుడైనా లెక్క వేశారా?

మీకు బాధ్యత గుర్తు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తమిళనాడు టెండర్ల పారదర్శకత చట్టం 1998 నుంచీ ఉంది. కేంద్ర నిధులతో కొనేవారికి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ఉన్నాయి. స్పెసిఫికేషన్ సంస్థ అవసరాన్ని తీర్చేలా ఉండాలని, అక్కర్లేని హంగులతో అక్కర్లేని ఖర్చుకు దారి తీయకూడదని అవి చెబుతున్నాయి. అవసరం ఎంతో కొలవకుండా స్పెసిఫికేషన్ ఎలా రాశారు? సమాచార హక్కు చట్టం, 2005 నాలుగో సెక్షన్ ప్రకారం, ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను ఎవరూ అడగకముందే బయట పెట్టాలి. మీరు బయట పెట్టింది ధరల పట్టిక మాత్రమే. కొలిచిన అంకెల పట్టిక ఏది?

"మాకు అంత సదుపాయం లేదు" అనకండి. కోవిల్‌పట్టిలో నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ, శివకాశిలో మెప్కో ష్లెంక్, కృష్ణన్‌కోవిల్‌లో నేడు విశ్వవిద్యాలయంగా ఎదిగిన కలశలింగం, మూడూ 1984లోనే మొదలయ్యాయి. ఈ నలభై ఏళ్లలో ఈ నేల నుంచి ఎందరు ఇంజినీర్లు బయటికి వెళ్లారో మీకు తెలుసు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వైపు వెళ్తే కయత్తారు వస్తుంది. అక్కడ జాతీయ పవన శక్తి సంస్థ వారి గాలిమరల పరీక్షా కేంద్రం ఉంది. తయారీదారు కాగితం మీద రాసిన శక్తిని అక్కడ ఊరికే నమ్మరు. గాలిమరను నిజమైన గాలిలో తిప్పి, ఏ గాలికి ఎంత విద్యుత్తు వచ్చిందో కొలిచి రాస్తారు. కొలిచాకే నమ్మే ఆ పద్ధతి మన పొలాల మధ్యే నడుస్తోంది. గాలిమరకు పెట్టే పరీక్ష, విద్యార్థుల భవిష్యత్తు దాచిన సర్వర్‌కు ఎందుకు పెట్టరు?

మీరు చేయాల్సినవి ఇవి.

ఒకటి. వేగం పేరుతో కొత్త డ్రైవ్‌లు కోరే ఏ ప్రతిపాదనకైనా ముందు, ఉన్న క్లస్టర్‌ను ఎఫ్‌ఐఓ అనే పరీక్షా పనిముట్టుతో కొలవండి. మొదట సెఫ్ లేకుండా డ్రైవ్‌ను నేరుగా, తర్వాత సెఫ్ ద్వారా. ఆ రెండు అంకెల మధ్య దూరమే లోపం డ్రైవ్‌దా, దారిదా అన్నది చెబుతుంది.

రెండు. ఒక సర్వర్‌లో డ్రైవ్‌కు ఒక ఓఎస్‌డీ, రెండు ఓఎస్‌డీలు పెట్టి, ఒకే పనిభారం మీద పోల్చండి. సగటుతో ఆగకండి, చివరి ఒక శాతం ఆలస్యాన్ని, ప్రాసెసర్, మెమరీ వాడకాన్ని కూడా రాయండి. లాభం లేకపోతే విడగొట్టకండి. ఆ మాట కూడా అంకెలతోనే రాయండి.

మూడు. విడగొట్టే ముందు క్రష్ నియమంలో వైఫల్యపు పరిధి 'హోస్ట్' అని ఉందో లేదో లిఖితపూర్వకంగా ధ్రువీకరించండి. లేకపోతే ముందు దాన్ని సరిచేయండి.

నాలుగు. కొత్తగా కొనాల్సి వస్తే, కరెంటు పోయినా చేతిలోని రాతను కాపాడే కెపాసిటర్లు ఉన్న ఎంటర్‌ప్రైజ్ డ్రైవ్‌లే కొనండి. ఆ రక్షణ లేని చవక డ్రైవ్‌లు, ప్రతి రాతనూ అక్కడికక్కడే ఖరారు చేయమనే సెఫ్ పనిభారం కింద చతికిలపడతాయి. వాటిని ఎన్ని ముక్కలు చేసినా వేగం రాదు.

ఐదు. ఈ పరీక్షల ఫలితాలను టెండర్ పత్రంతో పాటే మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఏ వెర్షన్, ఏ డ్రైవ్, ఎన్ని థ్రెడ్లు, ఏ పనిభారం అన్నవన్నీ ఉండాలి. పక్క జిల్లా సంఘం అదే పరీక్ష మళ్లీ చేసి సరిచూసుకోగలగాలి.

ఈ ఐదింటిలో మీ అధికార పరిధికి మించినది ఏదైనా ఉందా? కొలిచే పనికి అదనపు నిధులేమైనా కావాలా?

మీ దగ్గర పనిచేసే ఇంజినీర్ల గురించి ఒక్క మాట. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు. అర్ధరాత్రి క్లస్టర్ కూలిపోతే మొదటి ఫోన్ వాళ్లకే. తెర మీద ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు. సమావేశంలో మాత్రం వాళ్లను గోడ పక్కన నిలబెట్టి, వెండర్ ప్రతినిధికి కుర్చీ వేస్తారు. వెండర్ పని అమ్మడం. ప్రజల పక్షాన ఆయన్ను ప్రశ్నించడం మీ పని. ఆ పనికి మీకు ఆధారం కావలసింది మీ ఇంజినీర్ల మాటే. టెండర్ సమావేశపు మినిట్స్‌లో వాళ్ల అభిప్రాయానికి, అది మీకు నచ్చకపోయినా సరే, ఒక పేరా కేటాయించండి.

ప్రజలకు జవాబు చెప్పాల్సిన పదవిలో ఉన్నవారు "టెండర్‌లో లేదు" అన్న మాటతో తలుపు మూయకూడదు. టెండర్ రాసేది మీరే. అందులో కొలత అన్న మాట లేకపోతే, చేర్చాల్సినదీ మీరే. వచ్చే కొనుగోలు ఫైలు మీ బల్ల మీదకు వచ్చినప్పుడు ధర చూడకముందే కొలిచిన అంకెలు అడగండి. లేవంటే ఫైలు వెనక్కి పంపండి.

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల ప్రజాధనంతో నడిచే ఏ సంస్థ అయినా ఈ పరీక్షకు ముందుకొస్తే, రుసుము తీసుకోకుండా వచ్చి మీ ఇంజినీర్లతో కలిసి చేస్తాను. ఫలితం నా వాదనకు ఎదురు వచ్చినా దాన్ని యథాతథంగా ప్రకటించాలన్నదే నా షరతు. మీ జవాబు కూడా ఈ లేఖలాగే బహిరంగంగా రావాలని కోరుతున్నాను.

భవదీయ,
కోవిల్‌పట్టి నుంచి ఒక స్టోరేజీ ఇంజినీరు